ఫిబ్రవరిలో వరద

నేను చెప్పే పది మాటల్లో మూడే నిజాలని మావారు అందరి దగ్గరా అంటూంటారు. అది అన్యాయం. నాలుగుంటాయి. ఇప్పుడు చెప్పబోయేది ఆ నాలుగింటిలోది.

గల్ఫ్‌లో బడి ఉద్యోగం దొరికిందని సంబరపడుతూ నా దగ్గరికి సలహాకి వచ్చే అమ్మాయిలకి వీసా గురించి చెప్పాను, అక్కడి ఎండ గురించి చెప్పాను, ఏ బియ్యం కొనుక్కుంటే మన అన్నంలా ఉంటుందో కూడా చెప్పాను. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే నా పరువు కొంచెం తగ్గుతుంది. ఇంటికొచ్చి రెండేళ్ళయింది కాబట్టి, ఇప్పుడు తగ్గినా ఫరవాలేదు.

మా పెద్దమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో పన్నెండేళ్ళు వంట చేసి మమ్మల్నందరినీ చదివించింది. నేను బీఈడీ చేసి, అమలాపురంలో ఒక ప్రైవేటు బడిలో పదేళ్ళపాటు అరిచి అరిచి సగం గొంతు పోగొట్టుకుని, మిగిలిన సగంతో విమానమెక్కాను. ఒమాన్‌లో సముద్రం ఒడ్డున ఒక చిన్న పట్నం. అక్కడి బడిలో ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పడం నా పని. తొమ్మిదేళ్ళు చేశాను.

ఆ పిల్లలకి అరబిక్ తప్ప ఇంకోటి రాదు. నాకు అరబిక్ తప్ప అన్నీ వచ్చు. మొదటి వారం నేను యాపిల్ బొమ్మ పట్టుకుని యాపిల్ యాపిల్ అంటూంటే, పిల్లలందరూ నా తల పక్కన గోడమీదున్న బల్లిని చూస్తూ కూర్చున్నారు. రెండోవారం బొమ్మ పక్కన పడేసి బల్లి సంగతే ఎత్తుకున్నాను. మా ఊళ్ళో బల్లి ఈ గదంత పొడవుంటుందని, మా నాన్న దానికి తాడు కట్టి పొలానికి తోలుకెళ్తాడని, చేతులతో, కళ్ళతో, నాకున్న ఇంగ్లీషంతటితో చెప్పాను. బల్లిని వదిలేసి అందరూ నాకేసి తిరిగారు. కాసేపటికి వెనక వరసలోంచి ఒకడు "దెన్?" అన్నాడు. ఎక్కడ పట్టాడో ఆ మాట. ఆ రోజు నుంచి నా తరగతిలో పిల్లలు నేర్చుకునే మొదటి ఇంగ్లీషు ముక్క అదే అయింది.

తొమ్మిదేళ్ళలో నేను కోనసీమని ఏం చేశానో కోనసీమవాళ్ళు వింటే ఊళ్ళోకి రానివ్వరు. మా కొబ్బరిచెట్టు ఎక్కేవాడు పొద్దున్నే టిఫిన్ కట్టించుకుని ఎక్కుతాడు, వాడు దిగేసరికి గడ్డం పెరిగిపోయి పెళ్ళాం పోల్చుకోలేదు. పులస చేప సముద్రంలోంచి బయల్దేరే ముందు మా ఇంటికి కబురు పెడుతుంది, చింతపండు నానబెట్టమని. మా గేదెలు రేవులో వరసగా నిలబడి, టిక్కెట్టు కొనుక్కుని, పంటు ఎక్కి గోదావరి దాటతాయి. పంటు అంటే మనుషుల్నీ మోటారుసైకిళ్ళనీ ఒకేసారి దాటించే పెద్ద బల్లకట్టు పడవ అని వాళ్ళకి బోర్డు మీద బొమ్మ గీసి చూపించాను. ఆ బొమ్మలో గేదెలు మాత్రమే ఉన్నాయి.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మేం మూడు తరాలుగా క్రైస్తవులం. శకునాలు, ముహూర్తాలు మాకు లేవు. అయినా గడప దాటేటప్పుడు "వెళ్తున్నాను" అన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా నేను వినలేదు. "వెళ్ళొస్తాను" అనాలి. ఒకసారి మా నాన్న నవ్వులాటకి "పోతున్నానే అమ్మా" అని సైకిలెక్కితే, మా నాయనమ్మ కాలవ లాకుల దాకా వెంటపడి, వెనక్కి తీసుకొచ్చి, అరుగుమీద కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, సరిగ్గా అనిపించి, అప్పుడు పంపింది. ఇలాంటివన్నీ మూఢనమ్మకాలని పాస్టరుగారు ఆదివారంనాడు గంటసేపు చెప్పేవారు. చెప్పడం అయిపోయాక "వెళ్ళొస్తానండీ" అని వెళ్ళేవారు.

కాబట్టి ఒమాన్‌లో మొదటిసారి ఒక పిల్లవాడు సంచీ తగిలించుకుని గుమ్మంలో నిలబడి "ఐ గో, మిస్" అన్నప్పుడు నేను కుర్చీలోంచి లేచి వాణ్ణి ఆపాను. ఆలోచించకుండానే "అండ్ కమ్" అని కలిపాను. "ఐ గో అండ్ కమ్" అని వాడిచేత అనిపించి, "గో అండ్ కమ్, నాన్నా" అని పంపాను. అది ఇంగ్లీషు కాదని నాకు తెలుసు. బీఈడీ ఊరికే ఇవ్వలేదు. అయినా మర్నాటినుంచి తరగతి తరగతంతా అదే. ఇంటి గంట కొట్టగానే ఒక్కొక్కరే గుమ్మం దగ్గరికి రావడం, "ఐ గో అండ్ కమ్, మిస్" అనడం, నేను తలమీద చెయ్యి వేసి "గో అండ్ కమ్" అనడం. బై అనే మాట నా తరగతిలో తొమ్మిదేళ్ళు ఎవరూ పలకలేదు.

మా హెడ్‌మిస్ట్రెస్ ఆ దేశపావిడే, పెద్దావిడ. ఒకరోజు గుమ్మం పక్కన నిలబడి అంతా విని, "ఇదేం ఇంగ్లీషు?" అని అడిగింది. "ఓడలవాళ్ళ ఇంగ్లీషండీ. సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళు పూర్వం ఇలాగే అనేవాళ్ళు" అన్నాను. ఆవిడ వాళ్ళ తాతగారు ఓడ నడిపిన మనిషి. ఆ సాయంత్రం కారెక్కుతూ నాకేసి చూసి "గో అండ్ కమ్" అంది. నా అబద్ధాల్లో బాగా బతికింది అదొక్కటే.

ఆఖరి ఏడాది నా తరగతిలోకి ఒక పాప వచ్చింది. ఐదేళ్ళు. ఇంట్లో గలగలా మాట్లాడుతుందని వాళ్ళ అమ్మమ్మ చెప్పింది గానీ, బడి గేటు దాటితే నోరు తెరిచేది కాదు. దాహమేసినా అడిగేది కాదు. అంతకుముందు ఇంకో బడిలో ఏడాదంతా అలాగే కూర్చుని వచ్చేసిందట. ఇక్కడా అంతేనైతే బడి మాన్పించి ఇంట్లోనే ఉంచేస్తామని వాళ్ళ నాన్న హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పేశాడు. కోపంతో కాదు, దిగులుతోనే.

మూడు నెలలు నేను ఆ పాపని ఏమీ అడగలేదు. నా కుర్చీ పక్కన కూర్చోబెట్టుకుని అందరితో పాటు కథలు చెప్పుకుంటూ పోయాను. ఒకరోజు గేదెలు పంటు ఎక్కే కథ మధ్యలో ఉండగా నా చున్నీ ఎవరో లాగారు. చూస్తే ఆ పాప. "బేబీ బఫెలో?" అంది. దూడ సంగతేమిటని. గొంతు కొంచెం బొంగురుగా, వాడని తలుపు తీసినట్టుంది. నేను ఏడవకుండా, చాలా మామూలుగా, "హాఫ్ టికెట్" అన్నాను. పాప తలూపింది. అది న్యాయంగానే ఉందనిపించినట్టుంది.

అప్పటినుంచి మాట్లాడింది. నాతో మాత్రమే, నా కుర్చీ పక్కన మాత్రమే. కానీ మాట్లాడింది. వాళ్ళ నాన్న ఒక బుట్టెడు ఖర్జూరాలు తెచ్చి స్టాఫ్ రూమ్‌లో పెట్టి వెళ్ళిపోయాడు.

డిసెంబరులో హెడ్‌మిస్ట్రెస్ పిలిచి కూర్చోమంది. చిన్నపిల్లల తరగతులకి ఇకమీదట ఆ దేశపు అమ్మాయిలనే తీసుకోవాలని యాజమాన్యం నిర్ణయించిందనీ, నా వీసా జనవరితో ఆఖరనీ చెప్పింది. చెబుతూ నా చెయ్యి పట్టుకుంది. నాకు కోపం రాలేదు. వాళ్ళ పిల్లలకి వాళ్ళ ఆడపిల్లలు చదువు చెప్పుకుంటామంటే ఎవరు కాదంటారు? మన ఊళ్ళో మనకి అలా కడుపు నిండే పని లేకనేగా నేను అక్కడిదాకా వెళ్ళింది.

పక్క తరగతి టీచరు కేరళావిడ. నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను చేచీ అనేది, అంటే అక్కా అని. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. జనవరిలో నా ఆఖరి వారమంతా రోజూ ఒకటే పోరు పెట్టింది.

"చేచీ, పిల్లలకి చెప్పేరా?"

"చెబుతాను."

"ఎప్పుడు? విమానంలోంచా?"

"చెబుతానన్నానా."

"కథలా కాదు. నేను వెళ్ళిపోతున్నాను, ఇంక రాను, కొత్త మిస్ వస్తుంది అని. మూడు ముక్కలు. అంతే."

ఆ మూడు ముక్కలూ నేను స్నానాలగదిలో అద్దం ముందు నిలబడి వారం రోజులు వల్లెవేశాను. మొదటి ముక్క దగ్గరే నాలుక మడతపడేది.

ఆఖరి గురువారం స్టాఫ్ రూమ్‌లో అందరికీ ఆత్రేయపురం పూతరేకులు పెట్టాను. మావారు ఎవరిచేతో పంపారు. హెడ్‌మిస్ట్రెస్ పైన ఉన్నది కాగితమనుకుని పొర పొరా జాగ్రత్తగా ఊడదీసి పక్కన పెట్టి, లోపలి బెల్లం మాత్రం తిని, చాలా బాగుంది అంది. ఎవరూ చెప్పలేదు. కేరళావిడ నా కాలు తొక్కింది. ఇద్దరం బయటికి పరిగెత్తి నవ్వుకుని నవ్వుకుని, చివరికి ఆమె కళ్ళు తుడుచుకుంటూ, "ఇప్పుడు వెళ్ళి చెప్పండి" అంది.

చెప్పలేదు. ఇంటి గంట కొట్టారు. ఇరవై ఇద్దరు పిల్లలు వరసగా వచ్చి "ఐ గో అండ్ కమ్" అన్నారు. నేను ఇరవై ఇద్దరి తలలమీదా చెయ్యి వేశాను. మర్నాటినుంచి ఇచ్చిన సెలవులైపోయాక నేనుండనని తెలియకుండానే వెళ్ళిపోయారు. సరే, పిల్లలు కదా, కొత్త మిస్ వస్తే వారంలో మర్చిపోతారని నాకు నేనే చెప్పుకున్నాను.

నేను సంచీ తీసుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ పాప ఇంకా అక్కడే ఉంది. వాళ్ళ అమ్మమ్మ కారు రాలేదు. నా సంచీకేసి చూసింది. ఎప్పుడూ అంత పెద్ద సంచీ నా చేతిలో చూడలేదు. తల పైకెత్తి, "మిస్, యూ గో అండ్ కమ్?" అంది.

తొమ్మిదేళ్ళలో ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. రోజూ వెళ్ళేది వాళ్ళు, ఉండేది నేను. ఆ క్షణంలో నా నోట్లో ఉన్నది మా నాయనమ్మ నాలుక.

"ఐ గో అండ్ కమ్, తల్లీ" అన్నాను.

పాప నవ్వి చెయ్యి ఊపింది.

ఇంటికొచ్చి పది రోజులైందో లేదో, ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్న కేరళావిడ ఫోన్ చేసింది. అక్కడ బడి వారం ఆదివారంతో మొదలవుతుంది. సెలవుల తరవాత అదే మొదటి రోజు. పాప గేటు దగ్గర బెంచీ మీద కూర్చుంది, లోపలికి రానంటోంది. కొత్త మిస్ వచ్చి పిలిస్తే తల తిప్పేసుకుంది. హెడ్‌మిస్ట్రెస్ పిలిచినా అంతే.

"నాతో కూడా మాట్లాడలేదు చేచీ. ఒక్కటే అంది. మిస్ గో అయింది, ఇప్పుడు కమ్ అని. మీరేం చెప్పేరు దానికి?"

నేను మొదట నవ్వాను. తరవాత నవ్వు ఎక్కడ ఆపాలో తెలియలేదు.

"వాళ్ళ నాన్నని పిలిపిస్తున్నారు. ఇలాగైతే తీసుకుపోతానంటాడు. మీరు దాంతో మాట్లాడండి. ఇప్పుడే. నిజం చెప్పండి."

ఫోను పాప చేతికిచ్చింది. ఊపిరి వినపడుతోంది. "మిస్?" అంది. నేను నోరు తెరిచాను. ఆ మూడు ముక్కలూ తయారుగానే ఉన్నాయి. వచ్చింది మాత్రం ఇది: "రివర్ ఈజ్ ఫుల్, తల్లీ. బిగ్ వాటర్. నో బోట్."

గోదావరికి వరదొచ్చింది, పంటు తిరగడంలేదు, అందుకని నేను ఇవతలి గట్టున ఉండిపోయాను. నువ్వు క్లాసులో కూర్చుని ఉండు, నీళ్ళు తగ్గాక చూద్దాం.

పాప కాసేపు ఆలోచించి, "ఓకే" అంది. బెంచీ దిగి క్లాసులోకి వెళ్ళింది.

ఫిబ్రవరిలో గోదావరికి వరదేమిటని మీరడుగుతారు. ఒమాన్‌లో ఎవరడుగుతారు? మావారు అడిగారు. ఆయన కొబ్బరి దింపుల పని చూసుకుంటారు, ఆ పొద్దున్న ఇంట్లోనే ఉండి అంతా విన్నారు.

"టీచరుగారూ, వరదొచ్చిందా అండీ?"

"ఊరుకోండి."

"మరి లంకలో పుచ్చపాదులు పెట్టినోళ్ళకి ఓ మాట చెప్పాలి కదండీ, కొట్టుకుపోతాయేమో. మోకాల్లోతు నీళ్ళలో బిందెలు మోసుకెళ్తన్నారు పాపం, తెలీక."

"చిన్నపిల్లండీ. ఏం చెప్పమంటారు?"

"ఆయ్. చిన్నపిల్లే." తువ్వాలు భుజాన వేసుకుని, "వరద తేవడం తేలికేనండీ. తియ్యడవే కష్టం" అన్నారు.

ఆ తరవాతి ఆదివారం పాప కేరళావిడ ఫోనులో మాట రికార్డు చేసి పంపింది. "మిస్, వాటర్ డౌన్?" వెనకాల ఇంకో నాలుగు గొంతులు. నీళ్ళు కొంచెం తగ్గాయి గానీ పంటు తాడు తెగిపోయిందని జవాబు పంపాను. కొత్త తాడు పేనుతున్నారు. కొబ్బరిపీచుతో. గోదావరి వెడల్పు ఎంతుందో అంత పొడవు తాడు కావాలి కదా. ఆ తరవాతి వారం తాడు పేనే ముసలాయనకి దగ్గు పట్టుకుంది. ఆ తరవాత పేనిన తాడుని కొరమీను ఒకటి వచ్చి సగం తినేసింది.

పిల్లలు బొమ్మలు గీసి పంపేవారు. గోదావరి నీలంగా, నేను ఒడ్డున పుల్లలాంటి కాళ్ళతో. ఒకడు హెలికాప్టర్ గీశాడు, దాంట్లో రమ్మని. హెలికాప్టర్ కొబ్బరిచెట్లకి తగులుతుందని జవాబిచ్చాను.

మీకు దాపరికం లేకుండా చెబుతాను. ఆ నాలుగు వారాలూ నాకు ఎంత బాగుందో. శనివారం సాయంత్రం నుంచే రేపు ఏం చెప్పాలా అని వంటింట్లో నాలో నేనే నవ్వుకునేదాన్ని. ఆదివారం చర్చిలో ప్రార్థన జరుగుతుంటే ఫోను ఎప్పుడు మోగుతుందా అని చేతిసంచీ తడుముకునేదాన్ని. పాప క్లాసులో కూర్చుంటోంది కదా, నేను చేస్తున్నది మంచిపనే కదా అనుకున్నాను. అక్కడ ఇరవై ఇద్దరు పిల్లలు నాకోసం కాచుకుని కూర్చున్నారన్న సంగతి నన్ను ఎంత తేలిగ్గా నిద్రపుచ్చేదో, అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అయిదో వారం మధ్యలో తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. కొత్త మిస్. ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి, అదే ఆమెకి మొదటి ఉద్యోగం. నంబరు కేరళావిడ దగ్గర తీసుకుందట. ఇంగ్లీషు ఒక్కో మాటా తూచినట్టు మాట్లాడింది.

"మేడమ్, మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాను, క్షమించండి. పిల్లలు మిమ్మల్ని చాలా ప్రేమిస్తున్నారు."

నేను పొంగిపోయి ఏదో అనబోయాను.

"నేను నెల రోజులుగా స్టూలు మీద కూర్చుని పాఠం చెబుతున్నాను మేడమ్. ఆ కుర్చీ మీ సొంతమట. మీరు వస్తారు కాబట్టి అందులో ఎవరూ కూర్చోకూడదని ఆ పాప చెప్పింది. చెప్పడం అంటే నాతో కాదు, నాతో మాట్లాడదు. నేను కూర్చోబోతే కుర్చీ కాలు పట్టుకుంటుంది. ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఆదివారం మీ ఫోనుతో తప్ప."

నేను అక్కడే గడపమీద కూర్చున్నాను.

"నేను పాఠం మొదలుపెడితే, నీళ్ళు తగ్గేదాకా ఆగమంటారు. ఈ నెలాఖరుకి వాళ్ళ నాన్న వస్తానన్నారు. పాప నాతో ఒక్క మాటైనా మాట్లాడుతోందా అని అడుగుతారు. నేనేం చెప్పాలి?"

"నేను..."

"మీరు చాలా మంచి కథ చెబుతారు మేడమ్. నాకు రాదు. ఒక్కటే అడుగుతున్నాను. దయచేసి దాన్ని ముగించండి."

నేను అమలాపురంలో మొదటి ఉద్యోగంలో చేరిన రోజు, పిల్లలందరూ పాత టీచరే కావాలని అరిస్తే మెట్లకింద నిలబడి ఏడ్చాను. అది నాకు అప్పటిదాకా గుర్తు రాలేదు. గుర్తు రానివ్వలేదు.

ఆదివారం చర్చికి వెళ్ళలేదు. మావారి బండి మీద రేవుకి వెళ్ళాను. వీడియోలో మాట్లాడాలంటే అక్కడ మామూలు ఫోన్లలో కుదరదు, వేరే ఏదో యాప్ ఎక్కించుకోమని కేరళావిడ ముందురోజే చెప్పింది. మావారు ఎక్కించి ఇచ్చి, "నేను పైనుంటానండీ" అని గట్టుమీదే ఆగిపోయారు.

గోదావరి సన్నగా, మెల్లిగా పోతోంది. నడిమధ్యలో ఇసుకమేటలు ఎండలో మెరుస్తున్నాయి. పంటు ఇవతలి గట్టునే ఉంది. నేను ఫోను చేత్తో ఎత్తి పట్టుకోవడం చూసి పంటు నడిపే ఆయన కేకేశాడు.

"ఎక్కుతారా అండీ?"

"లేదండీ. పంటు చూపిస్తున్నానంతే."

"ఎవరికండీ?"

"ఒమాన్‌లో పిల్లలకండీ."

"ఆయ్. మా అల్లుడూ ఆ వైపే ఉన్నాడండీ, మూడేళ్ళు అయ్యింది ఎళ్ళి. చూపించండి, శుభ్రంగా చూపించండి." తలగుడ్డ తీసి మళ్ళీ సర్దుకుని, చుక్కాని పట్టుకుని నిలబడ్డాడు.

ఫోను కలిసింది. తెరంతా మొహాలు. వాళ్ళ వెనకాల నా బోర్డు, నా కిటికీ. ఒక పక్కగా కొత్త మిస్, నల్లటి అబాయా అంగీలో, నిజంగానే స్టూలు మీద. అందరికంటే ముందు పాప, ముక్కు తెరకి ఆనించి.

నేను ఫోను గోదావరి వైపు తిప్పాను. ఇసుక చూపించాను. మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచి వస్తున్న మనిషిని చూపించాను. మోటారుసైకిళ్ళు ఎక్కుతున్న పంటు చూపించాను. పంటు ఆయన చెయ్యి ఊపాడు.

"వాటర్ డౌన్" అని ఎవడో అరిచాడు. అంతే, తరగతి తరగతంతా గంతులు. చప్పట్లు. ఆ ఒక్క సంగతి నేను ముందు ఊహించలేదు. నిజం చూపిస్తే వాళ్ళే తెలుసుకుంటారనుకున్నాను. వాళ్ళకి తెలిసింది ఒక్కటే, ఇక నేను బయల్దేరొచ్చునని.

"కమ్, మిస్" అంది పాప. "బోట్ ఈజ్ దేర్. కమ్."

ఫోను నా మొహం వైపు తిప్పుకున్నాను. "ఐ యామ్ నాట్ కమింగ్, తల్లీ."

గంతులు ఇంకా ఆగలేదు. పాప ఒక్కతే ఆగింది.

"సండే?" అంది. ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారమా అని.

"నో."

"మండే?"

"నో."

అప్పటికి మిగతావాళ్ళు కూడా సద్దుమణిగారు. "ట్యూస్‌డే?" నో. "వెన్స్‌డే?" నో. వారంలో రోజులు ఆ పాపకి నేర్పింది నేనే. ఎప్పుడు చెప్పినా బుధవారం ఎగిరిపోయేది. ఆ రోజు ఎగరలేదు. ఒక్కో రోజుకీ ఆగి, నా మొహం చూసి, నా జవాబు విని, ఇంకో రోజుకి వెళ్ళింది. గురువారం, శుక్రవారం, శనివారం. వరస తప్పలేదు. పొరపాటు లేదు. వెరీ గుడ్ అనే మాట నా గొంతు దాకా వచ్చింది. మింగి, ఏడోసారి నో అన్నాను.

ఇంకో రోజేదైనా ఉందేమోనని వెతుక్కుంటున్నట్టు పాప కళ్ళు పైకి తిప్పింది. లేదు.

"యూ సెడ్ గో అండ్ కమ్."

"ఐ సెడ్. ఇట్ వాజ్ మై మిస్టేక్. ఐ వెంట్, తల్లీ. నీ మిస్ నీ దగ్గరే ఉంది." ఈ చివరి మాట తెలుగులో వచ్చేసింది. ఆ మొహాలకి అర్థం కాలేదు. మళ్ళీ ఇంగ్లీషులో చెప్పాను. అసలు వరదే రాలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఒక్కరోజులో రెండు నిజాలు నావల్ల కాదు.

పాప ఏడవలేదు. ఏడిస్తే బాగుండును, ఊరుకోబెట్టడం నాకొచ్చు. తెరకేసి కాసేపు చూసి, ఇక చూడవలసింది ఏమీ లేనట్టు, పక్కకి తప్పుకుంది. ఎవరో ఫోను బల్లమీద పెట్టేశారు. నాకు పైకప్పూ, తిరుగుతున్న ఫ్యానూ మాత్రమే కనిపిస్తున్నాయి.

తరవాత కొత్త మిస్ అరబిక్‌లో ఏదో మెల్లిగా అంది. ముక్కు చీదిన చప్పుడు. కుర్చీ జరిగిన చప్పుడు. అప్పుడు ఆ అమ్మాయి, గొంతు సవరించుకుని, ఇంగ్లీషులో, "వాట్ డే ఈజ్ టుడే?" అని అడిగింది.

"సండే" అన్నారు పిల్లలందరూ, నీరసంగా.

"అండ్ టుమారో?"

ఎవరూ పలకలేదు. ఆ అమ్మాయి మళ్ళీ అడగలేదు. ఆగింది. నేనైతే అంతసేపు ఆగగలిగేదాన్ని కాదు, ఏదో ఒక కథ మొదలుపెట్టేసేదాన్ని. ఆమె ఆగింది. ఫ్యాను తిరుగుతోంది. ఇవతల పంటు ఇంజను స్టార్టయి, మోటారుసైకిళ్ళతో, మనుషులతో గట్టు వదిలింది.

"మండే" అంది ఒక గొంతు. బొంగురుగా ఉంది.

"యెస్" అంది కొత్త మిస్. ఇంకేమీ అనలేదు. మెచ్చుకోలేదు, గోల చెయ్యలేదు. "దెన్?" అని మాత్రం అడిగింది.

అటువైపు ఫోను కట్టెయ్యడం మర్చిపోయారు. నేను రేవు మెట్లమీద కూర్చుని, నాది కాని ఆ తరగతిని ఇంకాసేపు విన్నాను. మంగళవారం దాకా విని, ఫోను నేనే కట్టేశాను.